సుంకులమ్మ చెట్టుకు కట్టిన సంచి

2016 ఎండాకాలం. నంద్యాల జిల్లా ఇంకా పుట్టలేదు, మిడుతూరు అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉంది. శనగ తీసేసిన నల్లరేగడి చేలు కాలు ఇరుక్కునేంత నెర్రెలిచ్చి ఉన్నాయి. నందికొట్కూరు నుంచి వచ్చిన బస్సులోంచి ఒక యువకుడు దిగాడు. భుజాన బ్యాగు, చంకలో అట్టపెట్టె. పెట్టెలో అరవై పర్సులు.

అన్నీ ఒకే రకం నల్ల రెగ్జిన్ పర్సులు. ఒక్కోదాంట్లో ఒక ఐదువందల నోటు, ఒక తాళంచెవి, ఒక చీటీ. చీటీ మీద పేరు, ఫోన్ నంబరు, కింద ఒక వాక్యం: దొరికినవారు దయచేసి పోలీస్ స్టేషన్‌లో అప్పగించగలరు.

అతను చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పాలి. మనస్తత్వ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. పల్లెల్లో మనుషులు ఒకరి సొమ్ము ఒకరికి ఎంతమట్టుకు తిరిగిస్తారో తెలుసుకోవాలన్నది అతని విషయం. పల్లెను తక్కువ చేయాలని రాలేదు. పట్నం వాళ్ల కన్నా పల్లెవాళ్లే నిజాయితీపరులని తేలుతుందేమోనన్న ఆశతోనే వచ్చాడు. బస్టాండు ఎదురుగా గది తీసుకున్నాడు. ఊళ్లో ఒక పెద్దమనిషిని కలిసి కాగితం ముందు పెట్టాడు. ఆయన చదవకుండానే సంతకం చేశాడు. "మంచి పనే గదా అబ్బీ, కానీ" అన్నాడు. అనుమతి అయిపోయింది.

పది రోజుల పాటు పొద్దున్నే లేచి పర్సులు జారవిడిచాడు. బజారులో ఇరవై, రైతుల వీధుల్లో ఇరవై, కాలవ గట్టు కింద ఊరికి ఎడంగా ఉన్న వాడలో ఇరవై. స్టేషన్‌లో ముందే చెప్పి పెట్టాడు గనక సాయంత్రం పోయి లెక్క చూసుకునేవాడు. బజారులో వేసినవి పదిహేను వచ్చాయి. రైతుల వీధుల్లోవి పదమూడు వచ్చాయి. గట్టు వాడలో వేసిన ఇరవైలో ఒక్కటీ రాలేదు.

ఆ సున్నాను చూసి అతనికి బాధే కలిగింది. కానీ పరిశోధకుడి బాధకు కాగితం మీద చోటు లేదు. వ్యాసంలో ఊరి పేరు రాయలేదు, మండలం పేరూ రాయలేదు. అది తన ధర్మమనుకున్నాడు. అయితే కాలవ గట్టు ఉందని రాశాడు. నలభై ఇళ్లని రాశాడు. వాడ మొదట్లో అమ్మవారి గుడి, దాని ముందర పెద్ద వేపచెట్టు ఉన్నాయని రాశాడు. ఆ వాడవాళ్లు తాతల కాలం నుంచి ఏం పని చేసి బతుకుతున్నారో కూడా రాశాడు. పేరు ఒక్కటి దాచి ముఖమంతా గీశాడు.

వ్యాసం ఇంగ్లీషులో అచ్చయింది, వాడలో ఎవరూ చదవలేదు. దాన్ని చూసి ఒక విలేఖరి రాసిన ముక్క తెలుగులో జిల్లా పేజీలో వచ్చింది, మండలమంతా చదివింది. పోయిన పర్సు తిరిగిరాని వాడ ఏదో ఎవరికీ విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ తర్వాత జరిగినవి పెద్ద సంగతులు కావు. ఏ ఒక్కదానికీ పంచాయితీ పెట్టలేం. శనగల గోదాములో రాత్రి కాపలా ఉండే వాడ కుర్రవాణ్ణి ఒకటో తారీఖు నుంచి రావద్దన్నారు. కారణం చెప్పలేదు. మిరపకాయ కోతలకు పోయిన ఆడవాళ్లను పొద్దుగూకేటప్పుడు సంచులు విప్పి చూపించి పొమ్మన్నారు. అంతకు ముందు ఎవరూ అట్లా అడిగి ఎరగరు. బజారులో అంగడాయన చీటీ మీద బియ్యమివ్వడం మానేశాడు. హాస్టల్లో ఎవరిదో కమ్మ పోతే అందరి పెట్టెలూ వెతకాల్సింది పోయి ఒక్క పిల్ల పెట్టె వెతికారు. కమ్మ స్నానాల గదిలో దొరికింది. ఆ పిల్లకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ పిల్లే మూడేళ్లకు డిగ్రీలో చేరింది. మనస్తత్వ శాస్త్రం ఒక సబ్జెక్టు. ఒకనాడు తరగతిలో నిజాయితీని కొలవడం గురించి పాఠం నడుస్తోంది. మేడమ్ ఒక జిరాక్సు కాగితం పంచింది. మన జిల్లాలోనే చేసిన పరిశోధన, శ్రద్ధగా చదవండి అంది. పిల్ల చదవడం మొదలుపెట్టింది. కాలవ గట్టు. నలభై ఇళ్లు. అమ్మవారి గుడి. వేపచెట్టు. మూడో పేరాకు వచ్చేసరికి చేతులు చల్లబడ్డాయి. పక్కపిల్ల "ఇట్లాంటోళ్లు కూడా ఉంటారా" అంది. ఈ పిల్ల తల ఎత్తలేదు.

కాగితం చివర పరిశోధకుడి ఫోన్ నంబరుంది. సాయంత్రం ఫోన్ చేసింది.

"సార్, మీవి ఇరవై పర్సులు మా వాడలో ఉన్నాయి. గుర్తులు చెప్పి తీసుకుపోండి."

అతను అప్పటికి ఒక కాలేజీలో లెక్చరరు. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ రాత్రే బస్సెక్కాడు.

సుంకులమ్మ గుడి ముందర వేపచెట్టు కొమ్మకు గోనెసంచి వేలాడుతోంది. మూడు వానాకాలాలకు తడిసీ ఎండీ నల్లబడింది. కింద ఒక ముసలామె మేకలకు చెట్టుకొమ్మలు విరిచి వేస్తోంది. వాడలో అందరూ ఆమెను జేజి అంటారు. చుట్టూ పదిమంది చేరారు. పిల్ల ఆమె పక్కన నిలబడింది.

"గుర్తులు చెప్పు నాయనా" అంది జేజి.

"నల్ల పర్సు జేజీ. లోపల ఐదువందల నోటు, తాళంచెవి, చీటీ."

"ఎన్ని?"

"ఇరవై."

"అన్నీ నీవేనా?"

"నావే."

జేజి అతని మొహం పారజూసింది. "ఇరవై సార్లు పారేసుకున్నావా నాయనా?"

అతనికి గొంతు పెగల్లేదు. కాసేపటికి చెప్పాడు. పారేసుకోలేదని, పారేశానని. మీరు తెచ్చిస్తారో లేదో చూద్దామని వేశానని.

"యాడ తెచ్చియ్యాల?"

"పోలీస్ స్టేషన్‌లో. చీటీలో రాసినాను."

వాడ నిశ్శబ్దమైంది. జేజి మేకను పక్కకు తోసి గుడి అరుగు మీద కూర్చుంది. కూర్చోమని అతనికి చెయ్యి చూపించింది.

"మా నాయన కాలంలో మా మొగోళ్లు రాత్రిళ్లు పోలీసోళ్లకు హాజరు చెప్పాల. పక్క ఊరికి పెండ్లికి పోవాలన్నా చీటీ రాయించుకోవాల. యాడో దొంగతనం జరిగితే ముందర మా ఇండ్లే తవ్వుతుండిరి. నాకు పదేండ్లు కూడా ఉండవు, ఒక దినం మా చిన్నాయనకు దోవలో వెండి కడియం దొరికింది. మంచికే పోయి స్టేషన్‌లో ఇచ్చినాడు. ఇంకొకటి యాడ పెట్టినావురా అని రెండు దినాలు కొట్టినారు. అది మొదలు ఈ వాడలో ఒక కట్టుబాటు. దొరికింది యాదైనా అమ్మోరి చెట్టుకు కట్టాల. ముట్టుకున్నోడు అందరికీ చూపించి కట్టాల. పోగొట్టుకున్నోడు వచ్చి గుర్తులు చెప్తే ఇయ్యాల. గొర్రెపిల్ల దొరికితే అరుగుకు కట్టేసి మేత ఏసేది. మండలంలో ముసలోళ్లను ఎవర్నడిగినా చెప్తారు."

"చీటీలో ఫోన్ నంబరు ఉండాది జేజీ, ఫోన్ చేద్దాం అన్నాడు మా అన్న" అంది పిల్ల. "అప్పుడు నేను తొమ్మిది చదువుతున్నా. మొదటి పర్సప్పుడు చేద్దామనే అనుకున్నాం. మరుసటి రోజు ఇంకోటి. ఆ మరుసటి రోజు రెండు. నలభై ఇళ్లలో పది రోజులకు ఇరవై పర్సులు. అన్నీ ఒకటే రంగు, అన్నిట్లో ఒకటే చీటీ. అప్పుడు భయమేసింది సార్. ఎవరో మమ్మల్ని పట్టించేదానికి వేస్తున్నారు అనుకున్నాం."

జేజి తల ఊపింది. "ఎర అని తెలుస్తానే ఉండె. ఎవరు ఏసినారో తెలీలేదు, అంతే."

సంచి దింపారు. ఒక్కొక్క పర్సే తీసి అతని చేతిలో పెట్టింది జేజి. తెరిచి చూశాడు. తాళంచెవి తుప్పు పట్టింది. చీటీ అక్షరాలు అలుక్కుపోయాయి. ఐదువందల నోటు మడత మడతగానే ఉంది. పాత నోటు. 2016 నవంబరు 8న రద్దయిన నోటు.

"రద్దయినాయంట గదా" అంది జేజి. "పిల్లోళ్లు వచ్చి అడిగినారు, పదివేలు ఊరికే కాగితాలైపోతాయి, బ్యాంకులో మార్చి పెడదాం జేజీ అని. మావి మేము మార్చుకునేదానికే ఎండలో మూడు దినాలు నిలబడితిమి. ఎవరి సొత్తో మనం మార్చేదేంది, రేప్పొద్దున లెక్క అడిగితే ఏం చెప్తాం అన్నా. అట్లే ఉండనీ అన్నా."

అతను ఇరవై పర్సులూ ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. జేజి ఏడవనిచ్చింది. తర్వాత అడిగింది.

"నువ్వు ఈ చెట్టు గురించి రాసినావంట గదా. మా పిల్ల చదివి చెప్పింది. చెట్టు దాకా వచ్చినోడివి, కింద కూర్చున్న నన్ను ఒక మాట అడిగింటే ఏం పోయె?"

అడిగితే మీకు తెలిసిపోతుంది, తెలిస్తే పరీక్ష చెడిపోతుంది అని అతను చదువుకున్న పుస్తకాల్లో ఉంది. అది నిజం కూడా. కానీ ఆ అరుగు మీద కూర్చుని ఆ మాట అనలేకపోయాడు. పరీక్ష అయిపోయిన రోజు సాయంత్రం అడిగి ఉండవచ్చు. బస్సెక్కే ముందు అడిగి ఉండవచ్చు. ఎవరూ వద్దనలేదు.

అతను తప్పు దిద్దుకున్నాడు. వ్యాసం అచ్చువేసిన పత్రికకు సవరణ పంపాడు. అది ఏడు నెలలకు చిన్న అక్షరాల్లో వచ్చింది. జిల్లా పేజీలో మాత్రం రాలేదు, పాత వార్త కదా అన్నారు. అప్పుడు సెలవు పెట్టి మిడుతూరు వచ్చాడు. గోదాముకు పోయాడు, అంగడికి పోయాడు, మిరప చేలకు పోయాడు, హాస్టలుకు పోయాడు. పోయిన చోటల్లా పర్సులు తీసి ముందు పెట్టి జరిగింది చెప్పాడు. కొందరు నొచ్చుకున్నారు. కొందరు విని ఊరుకున్నారు. గోదాములో అప్పటికే వేరే మనిషి ఉన్నాడు. అతన్ని తీసెయ్యమని అడగడానికి నోరు రాలేదు.

చివరి రోజు జేజి దగ్గరికి సెలవు చెప్పడానికి వచ్చాడు. పర్సులు మోయడానికని గోనెసంచి అతని దగ్గరే ఉండిపోయింది.

"సంచి ఇచ్చిపో నాయనా" అంది జేజి. "రేపు ఎవరిదన్నా దొరికితే కట్టల్ల గదా."

నీతి

ఈ వాడ నేను కట్టింది. జేజిని వెతుక్కుంటూ మిడుతూరు పోతే దొరకదు. కానీ ఆమె చెప్పిన రాత్రి హాజరు, ఊరు దాటడానికి చీటీ, ఇవి నేను కల్పించినవి కావు. కథ నీతి ఒక్కటే: మనిషిని కొలిచే ముందు ఆ మనిషిని అడగాలి, ఆ కొలత ఎవరెవరి నెత్తిన పడుతుందో వాళ్లందరి ముఖమూ చూడాలి. దీన్ని పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా చదివి పరీక్షలో రాస్తే రెండు మార్కులొస్తాయి. మన నేల మీద అది ఎంత నెత్తురు తాగిన సంగతో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి.

1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. నేత నేసేవాడి కొడుకు నేత నేసినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది ఆ చట్టం వెనకున్న ఆలోచన. మద్రాసు ప్రెసిడెన్సీకి అది 1911 చట్టంతో వచ్చింది. జాబితాకెక్కిన కులంలో పుట్టినవాడు పోలీసులకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటితే అనుమతి ఉండాలి. ఏ నేరం చేశాడన్న ప్రశ్న లేదు, ఎవరికి పుట్టాడన్నదే ప్రశ్న. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్లా పుట్టిన ఊరే. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్ అది, మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. మన మిడుతూరుకు ఎంతో దూరం లేని ఆత్మకూరు వైపు సిద్ధాపురంలో కూడా అట్లాంటి సెటిల్‌మెంటే ఉండేది.

అదే కాలంలో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మనుషుల తలలూ ముక్కులూ పరికరాలతో కొలిచాడు. 1909లో ఆయనా కె. రంగాచారీ కలిసి దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేశారు. వాటిలో విలువైన సమాచారం లేకపోలేదు, ఇప్పటికీ మన రచయితలు తీసి చూసుకుంటారు. కానీ ఒక మనిషి తల చుట్టుకొలత తీసి అతని కులం గుణం చెప్పవచ్చన్న నమ్మకం, ఆ గుణాన్ని పోలీసు రిజిస్టరులో రాయవచ్చన్న నమ్మకం, రెండూ ఒకే కాలంలో ఒకే గాలి పీల్చి పెరిగాయి. శాస్త్రం కొలిచింది, చట్టం ముద్ర వేసింది.

మద్రాసు రాష్ట్రం ముందుగానే ఆ చట్టాన్ని వదిలించుకుంది. దేశమంతటా అది పోయింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయినంత సులువుగా ముద్ర పోలేదు. గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం 1970లలో స్టూవర్టుపురం వెళ్లి ఆ కుటుంబాల మధ్య పని చేయడం మొదలుపెట్టేనాటికి చట్టం రద్దయి ఇరవై ఏళ్లు దాటింది. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' సినిమా టీజరు వచ్చినప్పుడు అది ఎరుకల సమాజాన్ని, స్టూవర్టుపురాన్ని కించపరుస్తోందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో వ్యాజ్యం వేయాల్సి వచ్చింది. ఆ ఊరి పిల్లలు ఉద్యోగం దరఖాస్తులో సొంతూరి పేరు రాసేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆగుతుందో ఆలోచించండి.

కథలోని యువకుడికి దొరికిన సున్నా ఎక్కడిదో ఇప్పుడు తెలుస్తుంది. వాడవాళ్లు స్టేషన్‌కు పోకపోవడం వాళ్ల గుణం కాదు, వాళ్ల మీద వందేళ్ల కిందట వేసిన ముద్రకు వాళ్లు నేర్చుకున్న జవాబు. వెనకటి కొలత చేసిన గాయాన్ని ఇప్పటి కొలత జబ్బు లక్షణంగా రాసుకుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ సంగతే. పరిశోధకుడు అబద్ధం రాయలేదు. అతని లెక్క తప్పు కాదు, ఇరవై వేశాడు, ఏదీ రాలేదు. నిజమైన అంకెతోనే అంత అన్యాయం జరిగింది.

పర్సుల పరీక్ష కూడా ఊహ కాదు. 2019లో 'సైన్స్' పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 40 దేశాల్లో, 355 నగరాల్లో, 17,303 పర్సులు. మన దేశ నగరాలు కూడా అందులో ఉన్నాయి. బ్యాంకుల్లో, హోటళ్లలో, పోస్టాఫీసుల్లో కౌంటరు దగ్గరున్నవాళ్లకు దారిలో దొరికిందంటూ పర్సు ఇచ్చి పోయారు. నూరు రోజుల్లోగా పర్సులోని చిరునామాకు ఈమెయిల్ వస్తే నిజాయితీ, రాకపోతే కాదు. డబ్బు ఎక్కువున్న పర్సులే ఎక్కువగా తిరిగొచ్చాయని తేలడం ఆ అధ్యయనంలో చక్కటి సంగతి, మనుషుల మీద నమ్మకం పెంచే సంగతి. కానీ పత్రికలు ఎత్తుకుంది దేశాల వరసను. చైనా అట్టడుగున కనిపించింది. 2023లో చైనా పరిశోధకులు అదే పరీక్ష తమ నగరాల్లో మళ్లీ చేశారు. ఈసారి ఈమెయిల్ వచ్చిందా అన్నదొక్కటే చూడకుండా పోయి పర్సు ఏమైందో అడిగారు. ఈమెయిళ్లు తక్కువే వచ్చాయి. పర్సుల్లో ఎక్కువ భాగం మాత్రం భద్రంగా ఉన్నాయి, సొంతదారు వస్తాడని దాచి పెట్టారు. జేజి చెట్టుకు కట్టినట్టే.

ఆ అధ్యయనం చేసినవాళ్లను నేను తప్పు పట్టడం లేదు. అంత పెద్ద పని శ్రద్ధ లేకుండా జరగదు. నేననేది ఒక దేశాన్నో కులాన్నో వాడనో వరసలో నిలబెట్టే అంకెకు మిగతా అంకెల కన్నా ఎక్కువ బరువుంటుందని. జోన్ సీబర్, బార్బరా స్టాన్లీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1988లోనే ఈ బరువుకు ఒక పేరు పెట్టారు, సామాజికంగా సున్నితమైన పరిశోధన అని. పరీక్షలో కూర్చున్నవాళ్ల మీదే కాదు, వాళ్లు ఏ గుంపుకు చెందుతారో ఆ గుంపంతటి మీదా ఫలితం పడే పరిశోధన. అట్లాంటివి చేయకూడదని వాళ్లు అనలేదు. ఆ జాగ్రత్త పేరు చెప్పి కష్టమైన విషయాలను వదిలేయడం కూడా బాధ్యత తప్పించుకోవడమే అన్నారు. నాకూ అదే అనిపిస్తుంది. కులం గురించి, ఆత్మహత్యల గురించి, ఇళ్లలో ఆడవాళ్లు పడే దెబ్బల గురించి ఎవరూ అడగకపోతే ఆ బాధ కాగితం మీదికే రాదు, కాగితం మీదికి రానిదానికి మన దగ్గర పైసా విదల్చరు.

అయితే ఎవరిని అడగాలి? కథలో ఒక పెద్దమనిషి వాడ తరఫున సంతకం చేశాడు. ఇది అతిశయోక్తి అనుకునేవాళ్లు ఖమ్మం సంగతి గుర్తు చేసుకోవాలి. అది మనస్తత్వ పరీక్ష కాదు, టీకా. 2009లో ఖమ్మం జిల్లాలో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా ఇచ్చి చూశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. భద్రాచలం వైపు హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు అందులో చాలామంది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. తర్వాత విచారణలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో ఈ తీరును గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో ప్రాణాలు కాపాడుతోంది. అందుకే మరీ బాధ. మంచి మందును కూడా అడగకుండా ఇస్తే ఊళ్లు అనుమానించడం నేర్చుకుంటాయి. తర్వాత నిజంగా అవసరమైన మందు తెచ్చినవాడి ముందు కూడా తలుపు మూసుకుంటుంది.

వార్డెను తల్లి కాదు. పెద్దమనిషి వాడ కాదు. హాస్టల్లో బువ్వ పెట్టే మనిషి కాగితం చాపితే పిల్ల కాదనలేదు, ఆ కాదనలేని తనాన్ని మనం అంగీకారమని రాసుకున్నాం. మన కాలేజీల్లో ఇప్పటికీ జరుగుతున్నది చూడండి. ఇంటర్నల్ మార్కులు వేసే లెక్చరరే ప్రశ్నాపత్రం పంచి, ఇష్టమైతేనే నింపండి అంటారు. వెనక బెంచీ నుంచి ముందు బెంచీ దాకా అందరికీ ఇష్టమవుతుంది.

ఇచ్చిన అంగీకారం దేనికి ఇచ్చారో దానికే చెల్లుతుంది. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో ఉండే హవాసుపాయ్ తెగవాళ్లు 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి నెత్తురు ఇచ్చారు. తమలో షుగరు జబ్బు ఎందుకింత ఎక్కువో తెలుసుకుంటారని ఇచ్చారు. తర్వాత తెలిసింది, అదే నెత్తురును స్కిజోఫ్రీనియా మీద, దగ్గరి సంబంధపు పెళ్లిళ్ల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారన్నదాని మీద పరిశోధనలకు వాడారని. తాము ఆ లోయలోనే పుట్టామన్నది వాళ్ల నమ్మకం. ఒక తెగ మొత్తానికి పిచ్చి ముద్ర పడితే ఏమవుతుందో ఎవరూ వాళ్లను అడగలేదు. 2010లో యూనివర్సిటీ ఏడు లక్షల డాలర్లు ఇచ్చి రాజీపడింది, మిగిలిన నెత్తురు తిరిగి ఇచ్చేసింది. తెగవాళ్లు పోయి దాన్ని చూసి ఏడ్చి ఇంటికి తెచ్చుకున్నారు. మనం మరీ అంత దూరం పోనక్కర్లేదు, షుగరు క్యాంపులో ఇచ్చిన ఫోన్ నంబరు ఎవరి చేతుల్లో తిరుగుతోందో ఎవరైనా మనకు చెప్పారా?

భారత వైద్య పరిశోధన మండలి 2017లో సవరించిన మార్గదర్శకాల్లో సామాజిక, ప్రవర్తన శాస్త్రాల పరిశోధనకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. గుంపుకు మచ్చ పడకుండా చూడడం గురించి, నిజం దాచి పరీక్ష చేయాల్సి వస్తే అయిపోయాక వాళ్లకు అంతా విప్పి చెప్పడం గురించి అందులో ఉంది. కథలోని యువకుడు ఈ చివరి పని ఒక్కటి చేసి ఉంటే చాలు. పర్సులు వేయడం తప్పు కాకపోవచ్చు. పదకొండో రోజు పొద్దున వేపచెట్టు కిందికి పోయి, నేను వేసినవి ఇవి, ఏమయ్యాయి అని అడిగి ఉంటే, జేజి సంచి దింపి చూపించేది. అతని వ్యాసంలో సున్నాకు బదులు ఇరవై ఉండేది. అంతకన్నా గొప్ప సంగతి ఇంకోటి ఉండేది: పోలీసును నమ్మలేని చోట మనుషులు తమ నిజాయితీని కాపాడుకోవడానికి ఎట్లాంటి కట్టుబాటు కట్టుకున్నారో, అది ఎన్నేళ్లుగా నిలబడిందో. మనస్తత్వ శాస్త్రానికి అది ఎంత విలువైన పాఠం! అడగకపోవడం వల్ల వాడకు చేటు జరిగింది, శాస్త్రానికీ నష్టమే జరిగింది. ఈ రెండూ ఎప్పుడూ కలిసే జరుగుతాయని నేననను. కలిసి జరగడం మాత్రం చాలాసార్లు చూశాను.

ఇంకో మాట ఆ డిగ్రీ పిల్ల గురించి. నాకు ఈ కథలో అందరికన్నా ఆ పిల్లంటేనే దిగులు, ఆ పిల్లంటేనే ఆశ. మన గురించి మనమే చదివి తల దించుకోవాల్సిన పుస్తకాలు మన తరగతి గదుల్లో ఇంకా ఉన్నాయి. ఇంతకాలం ప్రశ్నలు అడిగినవాళ్లు ఒక వైపు, జవాబు చెప్పినవాళ్లు ఇంకో వైపు. ఇప్పుడు జవాబు చెప్పినవాళ్ల పిల్లలు ప్రశ్నలు రాసే బల్ల దగ్గరికి వస్తున్నారు. ఆ పిల్ల ఫోన్ చేసి తిట్టలేదు, కేసు వేయలేదు, వచ్చి తీసుకుపొమ్మంది. రేపు ఆమే పరిశోధన చేస్తే ఏ వేపచెట్టు కిందా కూర్చోకుండా ఏ వాడ నుంచీ కదలదు.

మన విద్యార్థులు పల్లెలకు తీసుకెళ్లే అంగీకార పత్రం నా ముందుంది. కింద రెండు గీతలున్నాయి, ఒకటి పరిశోధకుడి సంతకానికి, ఒకటి జవాబు చెప్పే మనిషి సంతకానికో వేలిముద్రకో. దాని కింద మూడో గీత గీయాలని నా కోరిక. ఫలితం మీకు చెప్పడానికి నేను తిరిగి వచ్చే తేదీ, అని. ఆ తేదీని ఆ వాడ యాసలోనే గట్టిగా చదివి వినిపించాలి, గుడి అరుగు మీద అందరూ ఉన్నప్పుడు. పత్రం కాపీ ఒకటి జేజి దగ్గర ఉండాలి. ఆ రోజు పొద్దున మిడుతూరు బస్టాండులో అతను దిగాడా లేదా అన్నది ఆమె చూసుకుంటుంది.